పరమగీతమున దాంపత్యానురాగము

యూదుల పవిత్రగ్రంథములలో నొకటియై, పిదపఁ గ్రైస్తవుల బైబిలునందును జేరిన పరమగీతము 117 వచనములుగల చిన్న కావ్యము. హీబ్రూభాషలో దీనిపేరు 'షీర్ హష్షిరీమ్', అనఁగా గీతములయందు గీతమని యర్థము. ఒకే నామమును షష్ఠీబహువచనముతోఁ జేర్చి యతిశయమును దెలుపుట యా భాషామర్యాద. రాజరాజు, దేవదేవుఁడు మున్నగున విట్టివే. కావున నీ తెనుఁగుపేరు యుక్తముగనే యున్నది.

ఇది స్త్రీపురుషుల యనురాగమును జెప్పు కావ్యమా, భగవంతునకును భక్తసమాజమునకును గల సంబంధమును జెప్పు గ్రంథమా యను ప్రశ్న ప్రాచీనము. క్రీ. శ. 2వ శతాబ్దిలో దీని పవిత్రతనుగూర్చి చర్చ కలిగినపుడు యూదాచార్యుఁడగు అకీబా దీనిని మిక్కిలి పవిత్రమైనదిగా సమర్థించెను. 3వ శతాబ్దిలో ఓరిగెను దీనికి నాధ్యాత్మికవ్యాఖ్యను రచించెను. 12వ శతాబ్దిలో క్లేర్వో మఠాధిపతియగు బెర్నార్డు 86 ఉపన్యాసములు వ్రాసియు మూఁడవ యధ్యాయారంభమును దాఁటలేదు. వీరు చెప్పిన యర్థము గ్రాహ్యమే యైనను, అది యే శబ్దవృత్తిచే లభించుచున్నదో విచారింపవలసియున్నది.

హీబ్రూభాషలో మధ్యమపురుషమునందును లింగభేదము గలదు. పురుషుని సంబోధించునపుడు 'అత్తా' యనియు, స్త్రీని సంబోధించునపుడు 'అత్' అనియు నందురు. సంస్కృతమున యుష్మచ్ఛబ్దమునకుఁ గాని, తెనుఁగున 'నీవు' అనుదానికిఁ గాని యీ భేదము లేదు. మూలమునఁ బలుకువా రెవ్వరో శబ్దముచేతనే పెక్కుచోట్ల స్పష్టపడుచుండఁగా, భాషాంతరమున నది సందర్భముచే నూహింపవలసి వచ్చుచున్నది. లింగమునుబట్టి చూడఁగాఁ గావ్యమున నధికభాగము నాయికోక్తి యని తేలును.

నాలుగవ యధ్యాయమునుండి యైదవదాని మొదటి వచనమువఱకు నాయిక యాఱుమాఱులు 'కల్లా' యని పిలువఁబడినది. ఈ శబ్దమునకుఁ బెండ్లికూఁతురనియుఁ గోడలనియు నర్థములు. రూతు కథలో నయోమికిఁ గోడలగు రూతు కల్లాయే. సంస్కృతమున వధూశబ్ద మీ రెండర్థములయందును వాడఁబడుట పండితు లెఱిఁగినదే. తెనుఁగు బైబిలున 'ప్రాణేశ్వరి' యనుటచేఁ బ్రేమ తెలిసెను గాని వివాహసూచన మఱుఁగుపడెను. కల్లాశబ్దముతోడనే నాలుగుమాఱులు 'సోదరీ' యను సంబోధనము వచ్చుట మనకు వింతగాఁ దోఁచును. ప్రాచీనమగు ఐగుప్తు ప్రణయగీతములందును బ్రియురాలిని సోదరి యనియే పిలుతురు. అది రక్తసంబంధమును గాక యాత్మీయతను దెలుపును.

ఈ యనురాగ ముభయనిష్ఠమని చూపుటకు 'తెషూకా' యను శబ్దము చాలును. వాంఛ యని దీని యర్థము. హీబ్రూ బైబిలున నిది మూఁడుచోట్ల మాత్రమే కానవచ్చును. ఆదికాండము 3వ యధ్యాయమున స్త్రీవాంఛ భర్తయందుండునని చెప్పి, వెంటనే భర్త యామె నేలునని చెప్పఁబడినది. 4వ యధ్యాయమునఁ గయీనుతోఁ బాపమునుగూర్చి చెప్పుచోట నిది వచ్చినది. పరమగీతము 7వ యధ్యాయమున మాత్రము ప్రియుని వాంఛ తనయందున్నదని నాయికయే చెప్పుకొనుచున్నది. ఏలుబడి ప్రసక్తియే లేదు. వర్ణనలును నిట్లే యన్యోన్యములు. 4, 7 అధ్యాయములలోఁ గాంతావర్ణనము, 5వ దానిలో నాయికచేసిన ప్రియవర్ణనము గలవు. సిరియా పల్లెల పెండ్లిపాటలలో నిట్టి యంగవర్ణనలు గలవని 1873లో వెట్‌జ్‌స్టైన్ ప్రకటించెను.

ముఖ్యార్థబాధ యున్నఁగదా లక్షణ ప్రవర్తించును! ఇందు స్త్రీపురుషానురాగమను ముఖ్యార్థమునకు బాధ లేదు. భగవన్నామమును స్పష్టముగ లేదు. తుదియధ్యాయమున జ్వాలార్థకమగు 'షల్‌హెవెత్‌యా' యను శబ్దముచివరి 'యా' దైవనామమో, యతిశయార్థకమో యని పండితులు వివదింతురు. కావున భక్తిపరమగు నర్థము లక్ష్యార్థము గాదు, వ్యంగ్యార్థమే. దీపము తాను వెలుఁగుచునే ఘటమును జూపునట్లు వాచ్యము వ్యంగ్యమును బ్రకాశింపఁజేయునని యాలంకారికులు చెప్పిరి. దాంపత్యానురాగమును దొలఁగించి భక్తిని మాత్రమే గ్రహింపఁబూనుట దీపము నార్పి ఘటమును వెదకుటయే యగును.