పిడి గల కంప్యూటరు

1990 ప్రాంతమున ఇంటికి కంప్యూటరును కొన్నవారిలో పలువురు తెరను, యంత్రపు పెట్టెను వేరువేరుగా నిలిపి, పెక్కు తీగలతో కలుపుకొనవలసియుండెను. క్రొత్తవారికి ఆ చిక్కును చూచినంతనే భయము కలిగెడిది.

1998 ఆగస్టు 15వ తేదీన అమెరికాలోని ఆపిల్ సంస్థ ఐమాక్ అను కంప్యూటరును విక్రయమునకు తెచ్చెను. తెర, యంత్రభాగములు, స్పీకర్లు అన్నియు ఒకే తొడుగులో ఇమిడియుండెను. నీలియాకుపచ్చ వన్నెగల ఆ తొడుగుగుండ లోపలి భాగములు లీలగా కానవచ్చెడివి.

అట్టపెట్టెనుండి వెలికి తీసిన యంత్రమునకు నెత్తిమీద ఒక పిడి యుండెను. దాని బరువు సుమారు 17 కిలోలు. తరచుగా మోయదగినది కాదు. మరి పిడి యెందులకు? పిడిని చూచినచో చేయి తనంతట దానిపైకి పోవును. తాకిన వస్తువునెడ బెదురు తగ్గును. రూపశిల్పి జొనాథన్ ఐవ్ ఉద్దేశ మిదియే. విద్యుత్తు తీగను, టెలిఫోను తీగను, కీబోర్డును, మౌసును తగిలించినచో యంత్రము పనికి సిద్ధమగును.

అయితే అందు ఫ్లాపీ బిళ్లను చొప్పించు అర లేదు. తమ వ్రాతలను ఆ బిళ్లలలో దాచుకొన్నవారు కలవరపడిరి. వేరొక సాధనమును కొనవలసివచ్చెను. తరువాతి సంవత్సరములలో ఇతర కంప్యూటర్లును ఫ్లాపీని విడిచినవి. క్రొత్త యంత్రమును మెచ్చుకొనువారు అది ఇచ్చు సౌకర్యముతోపాటు, అది విడువుమను పాత వస్తువునుగూడ లెక్కింపవలెను.