వరద కట్టకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది?

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పరిసర కాలనీలు రోజుల తరబడి నీటిలోనే ఉన్నాయి. బుడమేరు వరదను వెలగలేరు రెగ్యులేటరు దగ్గర మళ్లింపు కాలువలోకి తిప్పి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలుపుతారు. అప్పుడు కృష్ణలోనే బ్యారేజీ వద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద ఉంది. కాలువ నీరు నదిలోకి దిగడమే కష్టమైంది, కట్టకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి.

గండి పూడ్చే ఖర్చు, మళ్లీ గండి పడకుండా చేసే ఖర్చు ఒకే పద్దులోనివి కావు. డ్రైనేజీ, కరకట్టలు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోని అంశాలు. కాబట్టి పనుల ప్రతిపాదన, అమలు రాష్ట్రానివే. విపత్తు నిధుల కింద 2021–26 కాలానికి 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాలన్నిటికీ కలిపి రూ.1,60,153 కోట్లు సిఫార్సు చేసింది. ఇందులో కేంద్రం వాటా 75 శాతం; ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకైతే 90 శాతం. అయితే మొత్తంలో 80 శాతం సహాయం, పునరుద్ధరణ వంటి పనులకు పోతుంది. ముప్పును ముందే తగ్గించే పనులకు మిగిలేది 20 శాతమే. పెద్ద కట్టలకు కేంద్ర వరద నిర్వహణ పథకం వేరే ఉంది. అందులో సాధారణ రాష్ట్రాలు 40 శాతం భరించాలి.

ఎంత ఎత్తు కట్టాలన్నది అసలు చిక్కు. మన దేశంలో పొలాలను కాపాడే కట్టను సాధారణంగా 25 ఏళ్ల వరదకు, పట్టణాన్ని కాపాడే కట్టను 100 ఏళ్ల వరదకు లెక్కగడతారు. ‘25 ఏళ్ల వరద’ అంటే పాతికేళ్లకు ఒక్కసారే వస్తుందని కాదు. ఏ ఏడాదైనా వచ్చే అవకాశం 4 శాతం అని. ఈ లెక్కన పాతికేళ్లలో కనీసం ఒకసారి వచ్చే అవకాశం దాదాపు 64 శాతం. 100 ఏళ్ల వరద సైతం 30 ఏళ్లలో రావడానికి 26 శాతం అవకాశముంది.

ఎత్తు పెంచితే మట్టి అంతకంటే వేగంగా పెరుగుతుంది. ఏటవాలు మారకుండా ఎత్తు రెట్టింపైతే ఏటవాలు భాగానికి పట్టే మట్టి నాలుగింతలవుతుంది. అడుగు వెడల్పు పెరిగినకొద్దీ భూమి కూడా సేకరించాలి. అందుకే ఏటా తప్పే నష్టాన్ని ఏటా పడే ఖర్చుతో పోల్చి చూస్తారు. ఈ లెక్కలో ఖరీదైన నగర ఆస్తులు సులభంగా గెలుస్తాయి, చిన్న కమతాల ఊళ్లు వెనకబడతాయి. పద్ధతిలోనే ఉన్న లోపమిది.

కట్టిన తరువాత పూడికతీత, తూముల మరమ్మతు రాష్ట్రమే చూసుకోవాలి. ప్రారంభోత్సవాలు లేని ఖర్చు కావడంతో బడ్జెట్‌లో ముందుగా కోతపడేది తరచూ ఇదే.