శనక్కాయ పప్పు రోగరక్షక కణాలను ఎలా వేరుచేస్తుంది?

అనంతపురం ఎర్రనేలల్లో వాన కోసం ఎదురుచూస్తూ పెరిగే వేరుశనగ, అంటే ఆ సీమవాసుల శనక్కాయ, కణశాస్త్రానికి కూడా గొప్ప మేలు చేసింది. దాని పప్పులోని లెక్టిన్, అంటే చక్కెర అణువులను గుర్తించి పట్టుకునే ప్రోటీన్, గాలక్టోజ్ అనే చక్కెర పైకి తేలి ఉన్న కణాలను ఒకదానికొకటి అంటించి గుంపు కట్టిస్తుంది.

గుండెకు పైభాగాన ఉండే థైమస్ గ్రంథిలో రోగరక్షక టి-కణాలు ఎదుగుతాయి. లేత టి-కణాల మీద ఈ గాలక్టోజ్ తెరుచుకొని ఉంటుంది. కణం ముదిరేకొద్దీ దానిలోని గాల్జి సంక్లిష్టం, అంటే ప్రోటీన్లకు చక్కెరలను తగిలించే పొరల దొంతర, గాలక్టోజ్‌కు సయాలిక్ ఆమ్లాన్ని చేర్చి కప్పివేస్తుంది కనుక లెక్టిన్‌కు పట్టు దొరకదు. అందువల్ల లేత కణాలు గుంపుకట్టి అడుగుకు దిగగా, ముదురు కణాలు విడిగా మిగులుతాయి. 1976లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థలో నాథన్ షరోన్ బృందం ఎలుక కణాలను ఇలాగే విడదీసింది. కణం లోపల జరిగిన పని పైపూతలో బయటపడడమే ఇందులోని అసలు అద్భుతం.

నాలుగు భాగాలున్న ఈ లెక్టిన్ స్ఫటిక నిర్మాణాన్ని 1994లో వెల్లడించినది, అనంతపురానికి పొరుగునే ఉన్న బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఎం. విజయన్ బృందం.