ఒక్క సీజన్ డేటాతో నేల అర్థమవుతుందా?

ఫైనలియర్‌లో మా ప్రాజెక్టు నేల తేమను కొలిచే సెన్సర్. మా ఊళ్లో వరి మడిలో ఒకటి, పక్కనే మామిడి తోటలో ఒకటి అడుగు లోతున పెట్టాం. ఒకే రకం మట్టి, కురిసింది ఒకే వాన. తోటలో రీడింగ్ గంటల్లోనే పెరిగింది. మడిలో పైన నీళ్లు నిలిచినా లోపలి సెన్సర్‌లో చలనం లేదు. పాడైందనుకుని రెండ్రోజులు కోడ్ తిరగేశాం. మా బాబాయి వచ్చి గడ్డపారతో మడిలో జానెడు తవ్వాడు. ఖంగుమంది. ‘ఇన్నేళ్లు దమ్ము చేసిన మడి రా, కిందికి నీళ్లెలా దిగుతాయి?’ అన్నాడు.

సెన్సర్ బాగానే ఉంది. మాకే నేల తెలియలేదు.

నేలంటే పొడి కాదు. మట్టి రేణువులు చిన్న చిన్న ముద్దలుగా అతుక్కుని ఉంటాయి. వేర్లు, శిలీంధ్రాలు, సూక్ష్మజీవులు వదిలే జిగురే వాటికి సిమెంటు. ముద్దల మధ్య ఖాళీల్లోంచే గాలి, నీరు తిరుగుతాయి. దమ్ము చేస్తే ఆ ముద్దలు చితికిపోతాయి. ఏటా అదే పని, పైన ట్రాక్టర్ బరువు.. జానెడు కింద గట్టిపొర తయారవుతుంది. వరికి అది మేలే, నీళ్లు నిలుస్తాయి. అదే మడిలో తర్వాత మొక్కజొన్న వేస్తే మాత్రం వేర్లు కిందికి దిగలేక తిప్పలు పడతాయి.

మీరూ చూడొచ్చు. ఒకే రకం మట్టిలో ఏటా దున్నే చోటి నుంచి ఒకటి, గడ్డి మొలిచిన గట్టు నుంచి ఒకటి ఎండుగడ్డలు తెచ్చి రెండు గాజు గ్లాసుల నీళ్లలో వేయండి. సాధారణంగా దున్నిన నేల గడ్డ ముందే విచ్చిపోయి నీళ్లు బురదగా మారతాయి. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలుంటాయి. నత్రజని, భాస్వరం, జింక్ అన్నీ ఉంటాయి కానీ ఈ నిర్మాణం సంగతి ఉండదు. నా దృష్టిలో అది పెద్ద లోటే.

ఈ మార్పు తేలడానికి ఏళ్లు పడుతుంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్‌లో 1959 నుంచి ఒక ముక్కను ఏ మొక్కా మొలవనీయకుండా దున్నుతూనే ఉన్నారు. పక్కనే పాత గడ్డి నేల. రెండింటి మట్టినీ ఎక్స్‌రే సీటీ స్కాన్ తీస్తే గడ్డి నేలలో ఖాళీలు ఎక్కువగా, ఒకదానితో ఒకటి కలిసి కనిపించాయి. అంత దూరమెందుకు, మన పటాన్‌చెరు ఇక్రిశాట్‌లోనే 1976 నుంచి నల్లరేగడిపై ఇలాంటి ప్రయోగం నడిచింది. వానాకాలం బీడుగా వదిలి తర్వాత పంట వేసే పాత పద్ధతిలో హెక్టారుకు ఏటా సగటున టన్ను పైచిలుకు దిగుబడి వస్తే, వెడల్పు బోదెలపై జొన్న, కంది లాంటివి కలిపి వేసిన చోట అయిదు టన్నులు వచ్చింది. ఇందులో ఎరువుల పాత్రా ఉంది, అంతా నేల గొప్పే అనలేం. కానీ 24 ఏళ్ల తర్వాత ఆ నేలలో కర్బనం హెక్టారుకు దాదాపు 7 టన్నులు ఎక్కువగా తేలింది.

ఇదంతా ఉద్యోగానికెందుకు అంటారా? ఓ అగ్రిటెక్ ఇంటర్వ్యూలో నా దిగుబడి మోడల్ చూసి ఒకటే అడిగారు: ‘ఈ పొలంలో పదేళ్లుగా ఏం వేశారు?’ నా దగ్గరున్నది ఒక్క సీజన్ డేటా. నీళ్లు నమిలాను. ఉద్యోగం రాలేదు.

కాబట్టి వ్యవసాయంపై ప్రాజెక్టు చేస్తుంటే రైతును కూర్చోబెట్టి పొలం చరిత్ర రాసుకోండి: ఏ పంటలు, ఎన్నిసార్లు దుక్కి, పశువుల ఎరువు ఎప్పుడు మానేశారు. పైథాన్, జీఐఎస్ వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు, ఆ కాలమ్ ఉన్న డేటాషీట్ తెచ్చేవాళ్లు తక్కువ. అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ వాళ్లకు గేట్‌లో ‘ఏజీ’ పేపరుంది, నేల-నీటి సంరక్షణ అందులో ఓ విభాగం. హైదరాబాద్‌లోనే క్రీడా, ఎన్ఆర్ఎస్‌సీ ఉన్నాయి. వాటి వెబ్‌సైట్లలో ప్రాజెక్టు పోస్టుల ప్రకటనలు చూస్తుండండి. అర్హతలు పోస్టును బట్టి మారతాయి, పూర్తిగా చదివాకే అప్లై చేయండి.