పడవను మోయు చెక్కలు మార్చు విధము

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టము 43 అడుగులకు వచ్చినపుడు మొదటి ప్రమాద హెచ్చరికను, 48 అడుగులకు రెండవ దానిని, 53 అడుగులకు మూడవ దానిని ఇచ్చుట వాడుక. 1986 ఆగస్టులో ఆ నీరు 75.6 అడుగుల దాకా పెరిగినది. 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చినది. అట్టి రోజులలో దిగువనున్న లంకల ప్రజలకు, వారి తిండిగింజలకు పడవయే దిక్కు.

చెక్క పడవలకు తోడు ఇప్పుడు ఫైబరు పడవలు, అల్యూమినియం పడవలు వాడుకలోనికి వచ్చినవి. ఇవి తేలికగా ఉండుటచే ట్రాక్టరు వెనుక రెండు చక్రాల ట్రెయిలరుపై ఎక్కించి, అవసరమైన రేవుకు తీసికొనిపోవచ్చును. ట్రెయిలరు గలవారు చక్రాలకు గాలి చూతురు, బేరింగులకు గ్రీజు పెట్టుదురు. పడవ అడుగును మోయుచుండు రెండు పొడుగు చెక్కల సంగతి మాత్రము ఎవరికిని పట్టదు. అవి పడవ క్రింద మరుగున ఉండును. వాటిపై తివాచీ గుడ్డ కప్పియుండును. ఆ గుడ్డ క్రింద తడి ఆరక చెక్క కుళ్లును.

కుళ్లిన చెక్కతో వచ్చు నష్టము ఎంతటిదో చిన్న లెక్కతో తెలియగలదు. ఇంజనుతో కలిపి పడవ బరువు 500 కిలోలనుకొందము. 4 అంగుళాల వెడల్పు, 8 అడుగుల పొడవు గల రెండు చెక్కలపై పడవ సమముగా ఆనినచో, ఆనిన చోటు 768 చదరపు అంగుళములు. ఒక్కొక్క చదరపు అంగుళముపై పడు బరువు కిలో కన్న తక్కువే. చెక్క మెత్తబడి క్రుంగినపుడు బోల్టు తలలు పైకి తేలును. బరువంతయు అట్టి నాలుగు తలలపై పడెనా, ఒక్కొక్క దానిపై 125 కిలోలు! పైగా గతుకుల బాటలో ట్రెయిలరు ఎగిరిపడినప్పుడెల్ల ఆ దెబ్బ పడవ అడుగుకు తగులును. ఫైబరులో వెంట్రుక వంటి పగులు ఏర్పడును. పడవ గట్టుపై ఉండగా అది కంటబడదు. నీటిలో దిగి, మనుషులు ఎక్కిన తరువాతనే బయటపడును.

కనుక ఎండాకాలములోనే చెక్కలను పరీక్షించవలెను. బోల్టులు దిగిన చోట, చెక్క కొనలయందు మేకుతో గ్రుచ్చి చూడుడు. మేకు సులభముగా దిగినను, నల్లని పొడి రాలినను ఆ చెక్క పనికిరాదు. ట్రెయిలరును చెట్టు క్రింద నేలకు ఆనించి ఉంచువారు చెదలు కూడ చూచుకొనవలెను. ఒకటి చెడిన రెండును మార్చుటయే మేలు. పాతది, క్రొత్తది ఒకే తీరున వంగవు.

కర్ర విషయములో బేరము పనికిరాదని నా అభిప్రాయము. టేకు చేవ మంచిది. వేగిస కూడ మన్నును. టేకేయైనను చేవ చుట్టును ఉండు తెల్లని భాగము త్వరగా కుళ్లును గనుక దానిని చెక్కివేయించవలెను. మామిడి, పెట్టెచెక్క వాడరాదు. ముడులున్న కర్ర ముడివద్దనే విరుగును. పాత చెక్క ఎంత దళసరి ఉన్నదో, ఏ తీరున నిలిపియున్నదో క్రొత్తదియు అట్లే ఉండవలెను. రెండంగుళాల దళసరి, నాలుగంగుళాల వెడల్పు గల చెక్కను అంచుపై నిలిపినచో, పరచినదానికన్న రెట్టింపు బరువు ఆపును. కాని పడవకు ఆను వెడల్పు సగమగును. ఏది తగునో మొదట ట్రెయిలరు చేసినవాడు బ్రాకెట్ల అమరికలోనే నిర్ణయించియుండును.

మందు పట్టించిన కర్రను గూర్చి ఒక మాట. రాగి, క్రోమియం, పాషాణము కలిసిన మందును 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధనాలయములో శొంఠి కామేశం కనిపెట్టెను. అది ప్రపంచమంతట వ్యాపించినది. ఆ మందు పట్టిన కర్రకు చెదలు, కుళ్లు సోకుట అరుదు. అయినను రెండు జాగ్రత్తలు కలవు. అందలి రాగి తడితో కూడి అల్యూమినియమును తినివేయును గనుక అల్యూమినియం పడవ క్రింద ఆ కర్రను వాడరాదు. రెండవది ఇంకను ముఖ్యము. ఊడదీసిన పాత చెక్కలు మన ఊళ్లలో నేరుగా పొయ్యిలోనికి పోవును. మందు పట్టిన కర్ర పొగలోను, బూడిదలోను పాషాణముండును. దానిని వంటకు గాని, నీళ్ల కాగుకు గాని వాడకూడదు. ఆ బూడిద పెరటి మళ్లకు చల్లకూడదు. పాత చెక్కకు ఏ మందు పట్టించిరో తెలియనపుడు మందు ఉన్నదనియే భావించుట క్షేమము.

పడవను చెరువులోనో, కాలువలోనో దింపి, ఖాళీ ట్రెయిలరుపై పని చేయుట అన్నిటికన్న సులువు. వీలు కానిచో చక్రాలకు ముందు వెనుకల రాళ్లు పెట్టి, పడవను కొద్దిగా లేపి, దాని అడుగు మధ్యభాగము క్రింద బలమైన దిమ్మలు పేర్చి, ఒక్కొక్క ప్రక్కనే మార్చవలెను. జాకీ ఒక్కటే ఆపియున్న పడవ క్రిందికి ఎవరును దూరరాదు.

ఊడదీయకముందే ప్రతి బ్రాకెట్టువద్ద చెక్క ఎంత ఎత్తున ఉన్నదో కొలిచి, సుద్దతో ట్రెయిలరుపైననే వ్రాసికొనవలెను. పాత చెక్కనే నమూనాగా పెట్టి వడ్రంగిచే కోయించవలెను. వెనుక కొన మాత్రము పడవ వెనుక పలక క్రిందికి తప్పక చేరవలెను. ఇంజను బరువు వ్రేలాడునది అక్కడనే. చెక్క అర అడుగు పొట్టియైనను కాలక్రమమున పడవ అడుగు అచ్చట వంగిపోవును.

రంధ్రములు వేసిన తరువాతనే నూనె పట్టించవలెను. నీరు చెక్క ప్రక్కలనుండి కన్న కొనలనుండి, రంధ్రములనుండి ఎక్కువగా లోనికి పోవును. మందు పట్టని కర్రకు కాచిన అవిసె నూనె రెండు మూడు పూతలు, ఒకటి ఆరిన పిదప మరియొకటి, వేయవచ్చును. నూనె తుడిచిన గుడ్డలను ముద్దగా చుట్టి గడ్డివామి దగ్గర పడవేయకుడు. అవి తమంతట తామే వేడెక్కి అంటుకొనగలవు. ఎండలో విడివిడిగా పరచి ఆరనిండు.

బోల్టులు జింకు పూత గలవో, స్టెయిన్‌లెస్ ఉక్కువో అయి ఉండవలెను. తల చెక్కలో అర అంగుళమైనను లోపలికి దిగవలెను. కప్పుటకు గోనెపట్టా పనికిరాదు. అది నీటిని పట్టియుంచును. సింథటిక్ తివాచీని పైనను, ప్రక్కలను మాత్రమే కప్పి, అడుగున తెరిచి ఉంచినచో నీరు కారిపోవును.

పడవను తిరిగి ఎక్కించిన పిమ్మట రెండు చెక్కలును పొడవునా ఆనినవో లేదో చేయి పెట్టి చూచి, సందున్న చోట బ్రాకెట్టును సరిచేసి, అప్పుడు నట్లు బిగించవలెను. మొదటి రెండు ప్రయాణాల తరువాత మరల బిగించవలెను. నిలిపియుంచునపుడు పడవ ముందుభాగము ఎత్తుగా పెట్టి అడుగునున్న నీటి బిరడాను తీసివేయుడు. 300 లీటర్ల వాననీరు నిలిచిన 300 కిలోల బరువు చెక్కలపై అదనముగా పడును. తీసిన బిరడాను ఇంజను పిడికే త్రాటితో కట్టియుంచినచో, చీకటిలో పడవ దింపువారు దానిని వెదకనక్కరలేదు.