పాత కారునకు టైమింగ్ బెల్టు

ఇంజనులో క్రాంకు షాఫ్టు రెండు చుట్లు తిరుగునప్పటికి కామ్ షాఫ్టు ఒక్క చుట్టు తిరుగవలెను. ఆ లెక్కను తొలినాటి అంబాసిడరు కార్లలో ఇనుప గొలుసు కాపాడెడిది. 1983లో వచ్చిన మారుతి 800లో పండ్లుగల రబ్బరు బెల్టు ఆ పని చేయును. గొలుసు అరిగినచో చప్పుడు చేసి హెచ్చరించును. బెల్టు తరచు మాటమాత్రము చెప్పకయే తెగును.

బండి ఎక్కువ తిరుగలేదు గదా, బెల్టెందుకు మార్చవలెనని కొందరు శ్రోతలు మమ్ము అడుగుచుందురు. రబ్బరునకు దూరమే కాదు, వయస్సు కూడ లెక్కయే. షెడ్డులో ఊరక నిలిచియున్న కారులోనైనను ఏండ్లు గడచిన కొలది అది గట్టిపడి బీటలు వారును; ఇంజను నూనె కారి తడిసినచో మరింత త్వరగా చెడును. కనుక కారుతో వచ్చిన పుస్తకమున చెప్పిన కిలోమీటర్లు, సంవత్సరములు ఈ రెంటిలో ఏది ముందు నిండునో దానినే గడువుగా గ్రహింపవలెను. చూపునకు బాగుగనే యున్నదన్న మాటను మేమంతగా నమ్మము. లోపలి పోగుల అలసట పైకి కనబడదు. పాత కారు కొన్నవారు, బెల్టు మార్చిన రసీదు చేతికి రానిచో, మార్చలేదనియే తలంచుట మేలు.

కొన్ని ఇంజనులలో బెల్టు తెగినచో బండి ఆగిపోవుటతో సరి. మరికొన్నింటిలో పిస్టన్లు వాల్వులను గుద్ది వంచివేయును. అప్పటి ఖర్చు బెల్టు వెలకు ఎన్నో రెట్లు. మీ కారు ఏ తరగతిదో మెకానిక్కును ముందే అడుగుడు. బెల్టు మార్చునాడే దానిని బిగించి పట్టు టెన్షనరును కూడ మార్పించుకొనుట మంచిది.