తెరమీద ముందెవరు, వెనుకెవరు?

కాకినాడకు చేరువనున్న మాధవపట్నము తోలుబొమ్మలాటకు పేరెన్నికగన్న గ్రామము. ఆ ఆటను తెర వెనుకకు పోయి చూచినవారికి ఒక సంగతి తెలియును. బొమ్మ తెరబట్టకు ఆని యున్నంతసేపు దాని అంచులు స్పష్టముగా కనబడును. దీపమువైపు జరిగినకొలది నీడ పెద్దదై చెదరిపోవును. తోలు వెలుతురును కొంత పోనిచ్చునది గనుక, ఒక బొమ్మమీద మరియొక బొమ్మ పడినచో రెండింటి రంగులును కలిసి మసకబారును. ఏ బొమ్మ తెరను తాకవలెనో, ఏది తప్పుకొనవలెనో ఆటగానికి ముందే తెలిసియుండవలెను. కేతిగాడు వచ్చి రావణుని ముఖమును కప్పివేసినచో జనము నవ్వుదురు గాని కథ చెడును.

మన చేతిలోని ఫోను తెరమీదను ఇట్టి చిక్కే కలదు. అచ్చట బొమ్మలాడించువాడు మాత్రము మనకు కనబడడు.

2022 జూలై వరదల నాటి మాట. కోనసీమలోని ఒక లంక గ్రామమున మా మేనల్లుడును అతని స్నేహితులును తమ ఊరికొరకు ఒక వెబ్‌పేజీ నడుపుచుండిరి. ధవళేశ్వరము బ్యారేజివద్ద నీటిమట్టము 11.75 అడుగులకు వచ్చినప్పుడు మొదటి హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది వెలువడునని గోదావరి వాసులకు వేరుగ చెప్పనక్కరలేదు. ఆ హెచ్చరిక పేజీ తలభాగమునుండి క్రిందికి వ్రేలాడు ఎఱ్ఱని పట్టీగా కనబడవలెనని వారి ఏర్పాటు. ఆ నెలలో మూడవ హెచ్చరికయే వచ్చినది. పట్టీయు పేజీలో చేరినది. కాని దానిమీద ఊరి తీర్థపు ఛాయాచిత్రముల వరుస వచ్చి కూర్చున్నది. మా అక్కగారు ఫోను చూచి, కొత్త సంగతి యేమియు లేదనుకొని, ధాన్యపు బస్తాలను అటక కెక్కించుట మరునాటికి వాయిదా వేసినది. రాత్రి మైకులో చాటింపు వినబడబట్టి సరిపోయినది గాని, అప్పటికే రెండు బస్తాలు తడిసినవి.

మా కార్యక్రమముల పట్టికను తెరమీది కెక్కించు పని కొంతకాలము నామీద పడియుండుటచేత, మేనల్లుడు నాకే ఫోను చేసెను. "మావయ్యా, పట్టీకి 9999 ఇచ్చానండి. అయినా వెనకాలే ఉంది. ఇంకో తొమ్మిది వెయ్యమంటారా?"

ఈ అంకె యేమిటో చెప్పవలెను. తెరకు అడ్డముగా నుండు దిక్కును ఎక్స్ అనియు, నిలువు దిక్కును వై అనియు, తెరనుండి మన కన్నులవైపు వచ్చు దిక్కును జెడ్ అనియు అందురు. ఏ వస్తువు మనకు దగ్గరగా నుండవలెనో తెలుపు అంకెకు జెడ్-ఇండెక్సు అని పేరు. 1998లో వెలువడిన సి.ఎస్.ఎస్. రెండవ ప్రమాణములో దీని నియమములు గలవు. అంకె చెప్పనిచోట, సాధారణముగా పేజీలో వెనుక వ్రాసినది ముందు వ్రాసినదానిపై పరచుకొనును. అంకె యిచ్చినను, 'పొజిషన్' అను లక్షణముచేత దాని స్థానమును నిర్దేశింపనిచో పెక్కుచోట్ల ఆ అంకెకు విలువ లేదు. చాలమంది మొదట ఇచ్చటనే పొరపడుదురు. మావాడు అది సరిగనే చేసెను.

అసలు కీలకము వేరొకచోట నున్నది. ఈ అంకెలను బ్రౌజరు అన్నిటితోను పోల్చదు. ఒకే కప్పు క్రింద నున్నవానిలోనే పోల్చును. క్రింది వాటాలో బల్లమీద కుర్చీ, కుర్చీమీద పీట వేసికొని నిలుచున్నవాడు పైవాటాలో చాపమీద పడుకొన్నవానికంటె ఎత్తున నుండునా? అతడెంత యెగిరినను తన కప్పును దాటలేడు. ఇట్టి వాటాను 'స్టాకింగ్ కాంటెక్స్ట్' అందురు. దానిని మనము కోరియే కట్టనక్కరలేదు. ఒక భాగమును రవంత పారదర్శకము చేసినను, 'ట్రాన్స్‌ఫార్మ్'తో కొంచెము జరిపినను, 'ఫిల్టర్' పెట్టినను, తెలియకుండనే ఒక కప్పు లేచును. నా దృష్టిలో ఈ విద్యలోని మాయ అంతయు ఇదియే; అంకెలది కాదు.

కనుక, వెనుకబడిన వస్తువును పట్టుకొని దాని తల్లిని, తల్లి తల్లిని, ఒక్కొక్క మెట్టే పైకి పోయి చూడవలెను. బ్రౌజరులోని పరిశీలన పలకలో ఒక్కొక్క లక్షణమును ఆపి చూచినచో దోషి తానే బయటపడును. మావాని పేజీలో తలభాగమునకు అందముకొరకు 'ఒపాసిటీ' 0.95 అని వ్రాసియుండెను. దానితో తలభాగము సున్న స్థాయి వాటాయై, 9999 అందులో బందీ యయ్యెను. ఛాయాచిత్రములకు బయట కేవలము 1 ఉన్నది. ఒకటి సున్నను కప్పినది!

కొన్ని వేళల తప్పు వరుసది కాకపోవచ్చును. వస్తువు సగము తెగినట్లుండి, ఏ అంకెకును లొంగనిచో, 'ఓవర్‌ఫ్లో' అను లక్షణము దానిని కత్తిరించినదేమో చూడవలెను. బొత్తాము చక్కగా కనబడుచున్నను నొక్కినప్పుడు పలుకనిచో, దానిపై కంటికి కనబడని పొర యేదో పరచియుండవచ్చును.

మావాడు ఆ 0.95ను తీసివేసి, తలభాగపు నేపథ్యపు రంగునుమాత్రము పలుచన చేసెను. అందము చెడలేదు, పట్టీ చిత్రములపైకి వచ్చినది. వెంటనే మరియొక ఫిర్యాదు: 9999 ధాటికి పట్టీ మెనూను కప్పివేసినదట. అప్పుడు కూర్చుండి అంకెలన్నిటిని తిరిగి వ్రాసితిమి. ఇప్పుడా పేజీలో చిత్రములకు 1, మెనూకు 10. హెచ్చరిక పట్టీకి 5; చిత్రములకు పైన, మెనూకు క్రింద.